సెల్ఫ్ మోటరు, నా నూనె డబ్బా

నేను చదివింది నాలుగో తరగతి వరకే. అదీ షోలాపూర్‌లోనే, మన తెలుగు బడిలో. పదిహేడేళ్ళకు మిల్లులో బదిలీ కార్మికుడిగా చేరాను. తర్వాత సాంచల ఖాతాలో జాబర్ అయ్యాను. 1990ల్లో మిల్లు మూతపడ్డాక అక్కల్‌కోట్ రోడ్డు దిక్కు పవర్‌లూమ్ కార్ఖానాల్లో అదే పని చేసి, మోకాళ్ళు వద్దన్నాక ఇంట్లో కూర్చున్నాను. పత్రికకు రాయడం ఇదే మొదలు. అక్షరం తప్పు పోతే దిద్దుకొని చదువుకోండి.

రాయబోయేది ఒక కారు సెల్ఫ్ మోటరు సంగతి. సాంచలవాడికి కారుతో పనేమిటి అంటారేమో. చివరిదాకా చదివితే తెలుస్తుంది.

మా బావకు ఒక అంబాసిడర్ కారు ఉండేది. 1986 మోడలు, పెట్రోలు బండి. ఎవరో సావుకారు అమ్మేస్తుంటే వాయిదాల మీద తీసుకున్నాడు. బావకు ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచలుండేవి. టవళ్ళు నేసేవారు. నేసిన టవళ్ళు గట్టాలు కట్టి, డిక్కీలో, వెనక సీట్లో కుక్కి, పేఢీకి తీసుకుపోయి ఇచ్చేవాడు. వచ్చేటప్పుడు నూలు తెచ్చుకునేవాడు. నారళీ పున్నమికి మార్కండేయస్వామి రథం చూడటానికి మమ్మల్నందరినీ అదే కార్లో ఎక్కించుకునేవాడు. ఎంతమందిమి ఎక్కేవాళ్ళమో లెక్కే లేదు.

2007లో బావ పోయాడు. అక్క బీడీలు చుట్టుకుంటూ ఇల్లు నెట్టుకొచ్చింది. అల్లుడు అప్పటికి పందొమ్మిదేళ్ళ పిల్లగాడు. సాంచలు తనే చూసుకున్నాడు, కారు తనే నడిపాడు. కారు కదిలితే ఆ వారం టవళ్ళ పైసలు చేతికొస్తాయి. కదలకపోతే టెంపో కిరాయికి ఇవ్వాలి. నాలుగు సాంచల ఇంటికి టెంపో కిరాయి అంటే ఆ వారం కూరగాయల పైసలు అందులో పోయినట్టే.

రెండేళ్ళ తర్వాత, 2009 వానాకాలంలో కారు మొండికేసింది.

మొదట్లో ఎట్లుండెనంటే, పొద్దుగాల సెల్ఫ్ కొడితే లోపల మోటరు గిర్రున తిరిగేది కానీ ఇంజిన్ కదిలేది కాదు. ఖాళీ బావిలో గిరక తిరిగినట్టు. నాలుగైదుసార్లు కొడితే ఒకసారి పట్టుకొని స్టార్టయ్యేది. తర్వాత ఒక రోజు 'ఠక్' అంది, అంతే. మోటరూ తిరగదు, ఇంజినూ తిరగదు. లైట్లు వేసి సెల్ఫ్ కొడితే లైట్లు ఎర్రగా, దీపం ఒత్తిలెక్క గుంజుకుపోయేవి. చేత్తో తిప్పే హ్యాండిల్ బావ ఉన్నప్పుడే ఎవరో అడిగి తీసుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు.

నేను పెద్దమనిషిలా వెళ్ళి చూశాను. "లైట్లు గుంజుకుపోతున్నయంటే బ్యాటరీల దమ్ము లేదు" అన్నాను. అక్క బీడీల పైసలు దాచుకున్న డబ్బా దింపింది. మూడు వేల పైన పెట్టి కొత్త బ్యాటరీ తెచ్చాము. పెట్టి సెల్ఫ్ కొట్టాము. మళ్ళీ 'ఠక్'. కొత్త బ్యాటరీతో కూడా లైట్లు అట్లనే గుంజుకుపోయాయి.

అప్పుడు నాకు బుద్ధి ఉంటే ఆగి ఆలోచించేవాడిని. నాకు బుద్ధికి ముందు కోపం వచ్చింది. అక్క డబ్బా ఖాళీ చేయించింది నేనే కదా. ఆ కోపం పిల్లగాడి మీద పోసాను.

"బండి ఎట్ల పెట్టుకోవాల్నో నీకు ఎరుకేనా? స్టార్టు కాకపోతే ఊకె కొడుతూనే ఉంటవ్. మోటరు కాలబెట్టినవ్. మీ నాయిన ఎంత పానంగ చూసుకుండె. రెండేండ్లల్ల నాశనం చేసినవ్" అన్నాను. అక్క ఎదురుగానే అన్నాను. బీడీల చాట ఒళ్ళో పెట్టుకొని అక్క తల ఎత్తలేదు.

అల్లుడు ఏమీ మాట్లాడలేదు. లోపలికి పోయి చొక్కా వేసుకొని బయటికి పోయాడు. రాత్రి వచ్చి వాళ్ళమ్మతో ఒకటే మాట చెప్పాడట. "పుణేల మా దోస్తు డ్రైవర్ పని ఉన్నదన్నడు. సాంచలు అమ్మెయ్యి. నేను పోత."

మర్నాడు పొద్దున అక్క మా ఇంటికి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. "తమ్మీ, కారు ఎట్లన్న నడిచేటట్టు చెయ్యి. కారు నడిస్తె పిల్లగాడు ఆగుతడేమో" అంది. అన్నం సయించలేదు నాకు.

ఆ పొద్దు కారు దగ్గర నిలబడి ఉంటే, ఆ గల్లీలో ఉండే రిక్షా ఆయన ఒకడు చూసి ఆగాడు. "చావి తియ్యి. టాప్ గేర్ల పెట్టు. ఇద్దరం ముందుకు ఎనుకకు ఊపుదాం" అన్నాడు. ఊపాము. మూడోసారికి లోపల 'ఠప్పు'మని ఏదో వదిలింది. గేరు తీసి సెల్ఫ్ కొడితే మోటరు తిరిగింది! ఇంజిన్ స్టార్టయింది. "బ్యాటరీ కాదు ఏం కాదు. సెల్ఫ్ పండ్లు ఫ్లైవీల్ పండ్లల్ల ఇరుక్కున్నయ్. మళ్ళ ఇరుక్కుంటది, దింపి చూపియ్యి" అని చెప్పి తన దారిన పోయాడు.

మూడు వేల రూపాయల రోగాన్ని ఆయన రూపాయి లేకుండా చెప్పి పోయాడు.

లైట్లు గుంజుకుపోవడానికి అర్థం నాకు తర్వాత తెలిసింది. మోటరుకు కరెంటు నిండుగా పోతున్నా అది తిరగలేకపోతే, మొత్తం కరెంటు అదే గుంజుకుంటుంది, లైట్లకు మిగలదు. బ్యాటరీలో దమ్ము లేకున్నా లైట్లు గుంజుకుపోతాయి. అందుకే ఒక్క లైటు చూసి తీర్పు చెప్పకూడదు. సెల్ఫ్ కొట్టినా లైట్లు అసలే తగ్గకపోతే అది వేరే కథ. కరెంటు మోటరు దాకా పోవడమే లేదని దాని అర్థం. అప్పుడు స్విచ్చు, వైర్లు, లోపలి కార్బన్లు చూసుకోవాలి.

సరే, మోటరు దింపాలి. అంబాసిడర్‌లో అది ఇంజిన్‌కు కుడి పక్కన కింద ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ కింద. ముందు ఆయిల్ ఫిల్టర్ అడ్డం. రెండే బోల్టులు. కింది బోల్టు కనబడుతుంది. పై బోల్టు కనబడదు, చేత్తో తడిమి పట్టుకోవాలి. నా చేతులు ముదిరిన చేతులు. కుడిచేయి చూపుడువేలు చివర సాంచలో పోయింది. మణికట్టు దాకా కూడా చెయ్యి దూరలేదు. బక్కపల్చటి చెయ్యి కావాలి.

అల్లుడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. సంచి సర్దుకొని ఉంది.

"జర నీ చెయ్యి కావాలె అల్లుడూ" అన్నాను. అంతకంటే ఎక్కువ నోరు రాలేదు.

వచ్చాడు. మాట్లాడలేదు కానీ వచ్చాడు. ముందు బ్యాటరీ బాడీ వైరు ఊడదీశాడు. నేను మర్చిపోయాను దాన్ని. అది తీయకుండా మోటరు మీది వైరుకు పానా తగిలి బాడీకి ముట్టుకుంటే నిప్పులు రాలుతాయి. తర్వాత కారును జాకీ మీద లేపి, జాకీని నమ్మకుండా కింద పాత సాంచ దిమ్మలు పెట్టాడు. వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాడు. నేను చెప్పకముందే చేశాడు ఇవన్నీ. పానంగా చూసుకోవడం తెలియదని నేను తిట్టింది వీడినే.

బోల్టు కదలలేదు. ఆ కారువి ఇంచీ బోల్టులు. మా దగ్గరున్నవి సాంచలకు వాడే మిల్లీమీటరు పానాలు. 14 ఎక్కదు, 15 పెడితే జారుతుంది. జారితే బోల్టు మూలలు అరిగిపోతాయి, ఇక పానాకు పట్టు దొరకదు. అల్లుడు సైకిలు మీద పోయి ఎవరి దగ్గరో 9/16 రింగు పానా అడుక్కొచ్చాడు. అయినా కదలలేదు. ఆ రాత్రి బోల్టుకు కిరోసిన్ పట్టించి వదిలేశాము. మర్నాడు నాకు తెలిసిన ఉపాయం చెప్పాను: "ముందు జరంత బిగించు, తర్వాత ఇప్పు." తుప్పు పట్టు వదలడానికి సాంచ నట్లకు మేము అట్లనే చేస్తాము. వాడి వేళ్ళ మీద తోలు లేచింది. ఒక్కసారి 'కిర్ర్'మంది. ఆ శబ్దం విని ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాము.

"ఎవరు బిగించిన్రో గని, రాక్షసుని లెక్క బిగించిన్రు" అన్నాను నేను.

వాడు నా దిక్కు ఒక్కసారి చూసి, మళ్ళీ బోల్టు దిక్కు చూశాడు. ఏమీ అనలేదు.

రెండు బోల్టులూ తీశాక మోటరును ముందుకు గుంజి, ఆయిల్ ఫిల్టర్ కింది నుంచి అటూ ఇటూ తిప్పుతూ బయటికి తీశాము. చిన్న పిల్లాడంత బరువుంది. గోనెసంచిలో చుట్టుకొని ఆటో ఎలక్ట్రిక్ పని చేసే చాచా దుకాణానికి పోయాము. చాచాకు డెబ్బై ఏళ్ళుంటాయి. ఉర్దూ, మరాఠీ, మన తెలుగు మూడూ కలిపి మాట్లాడేవాడు.

చాచా దాన్ని వెంటనే విప్పలేదు. ముందు ఇనుప పట్టులో గట్టిగా బిగించాడు. "చేత్తో పట్టుకోవద్దు బేటా. ఒక్కసారి ఎగురుతది. వేళ్ళు విరుగుతయ్" అన్నాడు. బ్యాటరీ ప్లస్ వైరు మోటరు బోల్టుకు, మైనస్ వైరు మోటరు ఒంటికి తాకించాడు. మోటరు 'జుయ్య్'మని మంచిగా తిరిగింది. చెవి దగ్గర పెట్టి విన్నాడు. "గుంజుతలేదు, రాస్తలేదు. బుష్షులు బాగున్నయ్. ఆర్మేచర్ బతికే ఉన్నది. మోటరు కాలలేదు" అన్నాడు.

నేను అల్లుడి దిక్కు చూడలేకపోయాను. కాలబెట్టినవ్ అన్నది నేనే.

తర్వాత చాచా ముందు భాగం చూపించాడు. మోటరు ఇరుసు చివర ఒక మరల గొట్టం ఉంటుంది. దాని మీద చిన్న పండ్ల చక్రం. దాన్ని బెండిక్స్ అంటారు. మోటరు ఒక్కసారిగా తిరిగితే ఆ చక్రం మరల మీద జారి పోయి ఫ్లైవీల్ పండ్లను పట్టుకుంటుంది. ఇంజిన్ స్టార్టయి జోరందుకోగానే అదే దాన్ని వెనక్కి తన్నేస్తుంది. నాడె ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చినట్టే. నాడెకు దారిలో ఏదన్నా అడ్డం తగిలితే ఏమవుతుందో మీకందరికీ తెలుసు.

ఇక్కడ నాడె దారంతా నల్లటి జిగురు. తారు లెక్క ఉంది. చాచా వేలితో తీసి మూతి ముడిచాడు. "ఇది ఎండగ ఉండాలె. క్లచ్ ప్లేటు దుమ్ము ఈడనే ఎగురుతది. నూనె పోస్తె దుమ్మంత పట్టుకొని గట్టిపడతది. చక్రం పోతే పోతది, రాకపోతే రాదు. దీనికి నూనె పోసిన గాడిదెవడు?"

దుకాణంలో ఎవరూ మాట్లాడలేదు. రోడ్డు మీద బస్సు పోతున్న శబ్దం మాత్రం వినిపించింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడు దసరా ముంగట క్లచ్ ప్లేటు మార్పించాము. అప్పుడు ఈ మోటరు దింపి గోనెసంచి మీద పెట్టారు. నేను సాయం చేద్దామని పోయి, నా ముక్కు పొడుగు నూనె డబ్బాతో దాని మరలన్నిటికీ నిండుగా పోశాను. "మామా, మిస్త్రీ నూనె వద్దన్నడు" అని అల్లుడు చెప్పాడు. "నూనె లేకుంట తిరిగే ఇనుము నేను చూడలే పో" అన్నాను. మోటరు ఎక్కించేటప్పుడు కింద పడుకొని, పానాకు పైపు తొడిగి బోల్టులు బిగించింది కూడా నేనే. సాంచ దడదడకు నట్లు వదులవుతాయి కదా, జాబర్ చెయ్యి బిగువుకు అలవాటు పడిపోయింది. రాక్షసుడు ఎవరో అని అడిగితే వాడు నా దిక్కు చూసింది అందుకే.

ఏడాది పాటు అది వాడికి తెలుసు. బోల్టుతో రెండు రోజులు కొట్లాడినప్పుడూ తెలుసు. వాళ్ళమ్మ ముందు నేను తిట్టినప్పుడూ తెలుసు. అయినా "నువ్వే మామా" అనలేదు. చాచా అడిగినప్పుడు కూడా గోడ దిక్కు చూస్తున్నాడు.

"నేనే చాచా" అన్నాను. "నూనె నేనే పోసిన."

చాచా నవ్వాడు. "సాంచలోనివా? సాంచలోళ్ళందరు గిట్లనే చేస్తరు" అన్నాడు.

కానీ నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నాకు అది తెలియని సంగతి కాదు. సాంచకు కూడా నూనె పోయకూడని చోట్లు ఉంటాయి. ఇరుసు బేరింగులకు పోస్తాము. బట్ట మీద చుక్క పడితే పగారు కోస్తారు. నూనె ఉన్న చోట దూది నూగు చేరి కంబళి లెక్క గట్టిపడుతుందని, వారానికోసారి గీకి తీయాలని కొత్త పిల్లలకు నేనే నేర్పించాను. దూది నూగుకు బదులు ఇక్కడ క్లచ్ దుమ్ము. అంతే తేడా. తెలిసిన సంగతే కొత్త చోట గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టినవాడు చిన్నవాడని వాడి మాట వినలేదు.

చాచా బెండిక్సును కిరోసిన్‌లో బ్రష్షుతో కడిగి, తర్వాత పెట్రోలుతో తుడిచి ఆరబెట్టాడు. మోటరు వెనక పట్టీ తీసి నాలుగు కార్బన్లు చూపించాడు. రెండు సగానికి పైగా అరిగాయి. మా సాంచల మోటర్లలో కార్బన్లు ఉండవు కాబట్టి అవి అరుగుతాయని కూడా నాకు తెలియదు. నాలుగూ కొత్తవి వేశాడు. కార్బన్లు రాసుకునే రాగి భాగాన్ని సన్నటి గాజు కాగితంతో తుడిచాడు. "నల్ల ఎమరీ కాగితం వాడొద్దు, దాని పొడి కరెంటు దాటిస్తది" అన్నాడు. మళ్ళీ పట్టులో బిగించి వైరు తాకించాడు. ఈసారి చక్రం మరల మీద 'టప్'మని ముందుకు దుమికింది. అంతకుముందు కదలనే లేదది. మొత్తం నూటా ఎనభై రూపాయలు తీసుకున్నాడు.

ఇంటికి వచ్చాక మోటరు ఎక్కించే ముందు, టార్చి వేసి ఫ్లైవీల్ పండ్లు చూశాము. అల్లుడు హ్యాండ్ బ్రేకు తీసి, గేర్లో పెట్టి కారును కొంచెం కొంచెం నెడుతుంటే పండ్లన్నీ ఒకటొకటిగా కనబడ్డాయి. రెండు చోట్ల మాత్రం కొసలు అరిగి ఉన్నాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగినప్పుడల్లా దాదాపు ఆ రెండు చోట్లనే ఆగుతుందట, అందుకే ఎప్పుడూ దెబ్బ అక్కడే పడుతుంది. ఇంకా నడుస్తాయి అని చాచా తర్వాత చెప్పాడు. నడిచాయి.

మోటరు ఎక్కింది. పై బోల్టు అల్లుడు చేత్తో తిప్పి నిలబెట్టాడు. నేను పానా అందుకున్నాను.

"మామా," అన్నాడు వాడు. మూడు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట. "పైపు మాత్రం వద్దు."

ఇద్దరం నవ్వాము. నాకు నవ్వుతో పాటు కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. కిరోసిన్ చేత్తో తుడుచుకుంటే ఇంకా మండాయి.

కారు ఒక్క దెబ్బకే స్టార్టయింది. అక్క చాట పక్కన పెట్టి బయటికి వచ్చింది. నేను అప్పుడే చెప్పాను. "అక్కా, నీ ముంగటనే తిట్టిన, నీ ముంగటనే చెప్తున్న. బండి ఖరాబు చేసింది వీడు కాదు, నేను. బ్యాటరీ పైసలు కూడా దండగ పెట్టించింది నేనే. నెలకింత ఇచ్చి తీరుస్త."

అక్క ఏమందో తెలుసా? "బ్యాటరీ దండగెట్ల అయితది తమ్మీ, బండిలనే ఉండె గద" అంది. అయినా తీర్చాను. ఆరు నెలలు పట్టింది.

అల్లుడు పుణే పోలేదు అని రాస్తే కథ బాగుంటుంది. కానీ పోయాడు. అప్పుడు కాదు, మూడేళ్ళ తర్వాత. సాంచల మీద మిగిలేది తక్కువైపోయి, పెళ్ళి కుదిరాక పోయాడు. కోపంతో పోలేదు, అందరం బస్టాండుకు వచ్చి సాగనంపాము. నాకు అది చాలు. కారును 2014లో తుక్కు కింద ఇచ్చేశాము. ఆ ఏడే బెంగాల్‌లో ఉత్తర్‌పాడా కార్ఖానాలో అంబాసిడర్లు చేయడం కూడా ఆగిపోయిందని పేపర్లో చదివాను. గేటు మూసిన కార్ఖానా ఫొటో చూసి చాలాసేపు పేపరు కింద పెట్టలేకపోయాను. ఆ గేటు ముందు నిలబడ్డవాళ్ళ కడుపులో ఎట్లుంటుందో మన ఇళ్ళల్లో వేరే చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు మన పిల్లలు చాలామంది పాత బండ్లు కొనుక్కొని కిరాయిలకు, సామాన్లకు నడుపుతున్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఇంతే. సెల్ఫ్ పనిచేయకపోతే ముందు ఖర్చు లేనివి చూడండి. బ్యాటరీ కొనల మీద తెల్ల పొడి ఉంటే వేడినీళ్ళతో కడిగి బిగించండి. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి దాని నుంచి బాడీకి ఒక పట్టీ వైరు ఉంటుంది, అది తెగిందా చూడండి. లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడండి. పాత తరహా సెల్ఫ్ అయితే చావి తీసి, టాప్ గేర్లో పెట్టి ఊపి చూడండి. ఇవన్నీ అయ్యాకే మోటరు దింపండి. దింపినాక కూడా ముందు పట్టులో బిగించి తిప్పి చూశాకే కొత్తది కొనాలా వద్దా అనుకోండి.

ఇంట్లో పిల్లలు "వద్దు మామా, మిస్త్రీ వద్దన్నడు" అంటే మాత్రం చేతిలో డబ్బా ఒక్క నిమిషం కింద పెట్టండి.

నా నూనె డబ్బా ఇంకా మా ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది. పండుగకు అల్లుడు పుణే నుంచి వచ్చినప్పుడల్లా దాన్ని చూసి, తన మోటార్ సైకిలును నాకు దూరంగా, గల్లీ మొగదలలో నిలబెట్టి వస్తాడు.